ఎరుపూ ఆకుపచ్చా కలిస్తే

షేడు మాస్టారు గోడలకు రంగులు వేయడం మొదలుపెట్టి ముప్పయ్యేళ్లయింది. ఏ రంగు అట్టముక్క చూపించినా, నాలుగు డబ్బాల్లోంచి గరిటెడు గరిటెడు తీసి కలిపి, అచ్చం అదే షేడు దించేసేవాడు. మనిషిని చూసినా ముందు రంగే చూసేవాడు. జ్వరంతో పడుకున్న భార్యను ఎలా ఉందని అడగాల్సింది పోయి, "నిన్నటికన్నా అర గరిటె తెలుపు ఎక్కువైంది" అన్న ఘనుడు.

అంతటివాడు పళ్ల డాక్టరుగారి ఆసుపత్రిలో, రోగులు కూర్చునే గదికి మీగడ రంగు వేశాడు. ఆఖరి పూత అయ్యాక ఎలా కుదిరిందో చూసుకుందామని ఒక అడుగు వెనక్కి వేశాడు. నేల మీద ఉన్నాననుకున్నాడు. నిచ్చెన మీద ఉన్నాడు.

కుడికాలికి పిండికట్టు వేసి, ఆరు వారాలు ఇంట్లో కూర్చోమన్నారు. మనిషి కూర్చున్నాడు గానీ నోరు కూర్చోలేదు. కూరకు రంగు చాల్లేదన్నాడు. ఆరేసిన బట్టల్ని లేతవాటి నుంచి ముదురువాటి దాకా వరసగా వేయమన్నాడు. నాలుగో రోజు భార్య తన చెల్లెలికి ఫోన్ చేసింది.

"మీ బావకి ఏదైనా పని పడెయ్యవే తల్లీ. లేకపోతే రెండో కాలు నేనే విరగ్గొట్టేలా ఉన్నాను."

మరదలు ఒక బడిలో సైన్సు ల్యాబు చూసుకుంటుంది. ఆ సాయంత్రమే ఒక అట్టపెట్టె తెచ్చి బావ ఒళ్లో పెట్టింది. కొత్తగా ఎలక్ట్రానిక్స్ నేర్చుకునేవాళ్ల కిట్టు అది. అందులో ఒక చిల్లుల బోర్డు, బ్యాటరీ, గుప్పెడు వైరు ముక్కలు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో మూడేసి ఎల్‌ఈడీలు, వెలుగు పెంచి తగ్గించడానికి రంగుకొకటి చొప్పున మూడు నాబ్‌లు, పైన కప్పడానికి పాలరంగు ప్లాస్టిక్ మూత ఉన్నాయి.

"రంగులు కలిపే బోర్డు బావా. నీకు భలే సరిపోతుంది."

"కలపడం ఇది నాకు నేర్పుతుందా!" అని మూతి ముడిచాడు గానీ, ఆమె గుమ్మం దాటకముందే పెట్టె విప్పేశాడు.

మొదటి పేచీ రెసిస్టర్ల దగ్గర వచ్చింది. కరెంటు మోతాదు మించకుండా ఆపే ఆ బుల్లి గొట్టాల మీద రంగు చారలుంటాయి. ఎర్ర చారలున్నవి తీసుకోమని కిట్టుతో వచ్చిన కాగితంలో రాసి ఉంది. "ఇది ఎరుపెలా అవుతుంది? ఇటుక రంగు" అంటూ ఎర్ర చారలవి లేవని ఒక పూటంతా వెతికాడు. చివరికి భార్య వచ్చి, "ఇటుకలు ఎర్రగానే ఉంటాయి, పెట్టండి" అనేసరికి పెట్టాడు.

రెండు రోజులకు అన్నీ గుచ్చడం పూర్తయింది. బ్యాటరీ తగిలించాడు. వెలగలేదు. బోర్డు మీద తట్టాడు, ఊదాడు, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి బతిమాలాడు. ఉహూ! భార్య కళ్లజోడు పెట్టుకుని కాగితం చదివింది.

"దీపానికి రెండు కాళ్లట. పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలట. మీరు తొమ్మిదీ తిరగేసి గుచ్చారు."

"ఒకటో రెండో అయితే తప్పు. తొమ్మిదీ ఒకేలా ఉంటే దాన్ని పద్ధతి అంటారు" అన్నాడాయన. తొమ్మిదింటినీ పీకి ఆవిడే తిప్పి పెట్టింది. బోర్డు భగ్గున వెలిగింది.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. మాస్టారు నీలం పూర్తిగా తగ్గించి, ఎరుపునూ ఆకుపచ్చనూ పెంచాడు. మూత మీద నిమ్మపండులాంటి పసుపు వచ్చింది.

"కల్తీ!" అని కేక పెట్టాడు. "ఇదేం రంగో చెప్పు."

"పసుపు."

"కళ్లజోడు పెట్టుకుని చెప్పు."

"పెట్టుకునే చెప్పాను."

ఆయన నమ్మలేదు. డబ్బాలు తెప్పించుకుని ఎరుపునూ ఆకుపచ్చనూ ఒక పళ్లెంలో కలిపాడు. శుభ్రమైన బురద వచ్చింది. పళ్లెం ఒక చేత్తో, బోర్డు ఒక చేత్తో పట్టుకుని, రెండు వైపుల సాక్షులను నిలదీసే వకీలులా చాలాసేపు చూశాడు. తర్వాత మూడు రంగుల దీపాలూ సమానంగా పెంచాడు. తెలుపు వచ్చింది! అన్ని రంగులూ కలిపితే తెలుపు! ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు మరదలు వచ్చి విప్పి చెప్పింది. "పెయింటు వెలుగుని మింగుతుంది బావా. ఎన్ని కలిపితే అంత మింగుతుంది, అందుకే నల్లబడుతుంది. దీపాలు వెలుగుని కక్కుతాయి. ఎన్ని కలిస్తే అంత తెల్లబడుతుంది."

"అంటే ముప్పయ్యేళ్లూ మింగేవాటితోనే కాపురం చేశానా!"

"నేనూ అంతేగా" అంది భార్య, ఆయన ఖాళీ చేసిన కూరగిన్నె తీస్తూ.

మూడో వారంలో పళ్ల డాక్టరు ఫోన్ చేశాడు. "మాస్టారూ, మీగడ రంగన్నారు, గోడ ఆకుపచ్చగా ఉంది. అసలే పంటి నొప్పితో వచ్చినవాళ్లు, అక్కడ కూర్చుంటే వాంతి చేసుకునేలా కనిపిస్తున్నారు."

మాస్టారికి తల కొట్టేసినంత పనైంది. చంకకర్ర, బోర్డు, భార్య, ముగ్గురినీ వెంటేసుకుని ఆటోలో దిగాడు. గోడ నిజంగానే ఆకుపచ్చగా ఉంది. నాలుగు వైపులా చూశాడు. ఎండ పడుతోందని కిటికీ బయట కొత్తగా ఆకుపచ్చ ప్లాస్టిక్ రేకు దించారు.

"ఎరుపూ నీలం పెంచు" అన్నాడు. భార్య గోడ దగ్గర బోర్డు పట్టుకుని నాబ్‌లు తిప్పింది. బోర్డుకి ఎదురుగా, జానెడు మేర, పచ్చదనం విరిగి మీగడ తేలింది. రోగులు కుర్చీలు జరుపుకుని దగ్గరికొచ్చారు. బుగ్గ వాచిన పెద్దాయన ఒకడు, "నా మీద వెయ్యండమ్మా" అని ముందుకొచ్చాడు. ఆవిడ ఆయన్ని గులాబీ చేసింది, పసుపు చేసింది, నీలం చేసింది. ఆ పెద్దాయనతో సహా గదంతా నోరు తెరిచి చూసింది.

డాక్టరు గుమ్మంలోంచి చూస్తున్నాడు. "ఆయన పది నిమిషాలుగా నోరు తెరవనని మొండికేశాడండీ! అలాగే ఉండండి, అలాగే!" అంటూ చిన్న అద్దం పట్టుకుని పరుగెత్తుకొచ్చి అక్కడికక్కడే పన్ను చూసేశాడు.

రేకు ఆ రోజే తీసేశారు. బోర్డు మాత్రం వదిలి వెళ్లమని డాక్టరు పట్టుబట్టాడు. మాస్టారు ఒప్పుకోలేదు. ఇంకొకటి చేసి ఇస్తానన్నాడు, చేసిచ్చాడు.

కాలు బాగయ్యాక మళ్లీ పనిలోకి దిగాడు. ఇప్పుడు ఎవరి ఇంటికెళ్లినా గోడ చూడడు, ముందు బల్బు చూస్తాడు. ఆయన భార్య మరో కిట్టు తెప్పించుకుంది. నీళ్ల ట్యాంకు నిండగానే కూతపెట్టే రకం. అది మాత్రం ఆయన్ని ముట్టుకోనివ్వదు.