గంపకి ఒక చెయ్యి

ఈ ఉదయం మా వీధిలోకి చేపల ఆటో వచ్చింది. వెనక ఐసు పెట్టె, పైన మైకు. ఎప్పుడో ఒకసారి రికార్డు చేసిన గొంతు పండుగప్ప, చందువ, రొయ్య అంటూ ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతోంది. నేను గేటు దగ్గరికి వెళ్లి కిలో చందువలు తీసుకున్నాను. ఆటో అతను తూచి, కవర్లో వేసిచ్చి, బండి ముందుకు పోనిచ్చాడు. నేను మాత్రం కవరు మణికట్టుకి తగిలించుకుని, మోకాళ్లు కాస్త వంచి, రెండు చేతులూ ముందుకు చాచి అక్కడే నిలబడ్డాను. “ఏమిటండీ ఆ నిలబడటం? కొసరేమన్నా వేస్తాడనా?” అంది మా ఆవిడ వరండాలోంచి. కొసరు కోసం కాదు. చేపలు కొన్నాక గంపకి చెయ్యి వెయ్యడం అలవాటైన ఒళ్లు, నన్నడక్కుండానే సిద్ధమైపోయింది.

ఈ ఆటోలు రాకముందు మా బందరు వీధుల్లో చేపలు ఆడవాళ్ల తలల మీద వచ్చేవి. మా వీధికి వచ్చే ఆవిడని మేం చేపలత్త అనేవాళ్లం. మా ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆవిణ్ణి అత్తా అని పిలిచింది. ఆ లెక్కన నాకు అమ్మ వరస కావాలి. లెక్కల మాస్టారినై ఉండీ ఆ సంగతి పట్టించుకోకుండా నేనూ అత్తా అనే అన్నాను, ఆవిడా పలికింది. పేరుకి గంపే గానీ అది పెద్ద అల్యూమినియం బేసిను. చేపలు, ఐసు, తక్కెడ, రాళ్లు కలిపి పాతిక కిలోలకి తక్కువుండేది కాదు. దాన్ని తలమీంచి దించుకోవడానికి ఇంకొకరి చెయ్యి కావాలి, తిరిగి ఎత్తుకోవడానికీ కావాలి. కొన్నవాళ్లే ఎత్తాలి, అది రివాజు. బేరం దగ్గర ఎంత గొడవ పడినా, నీ చేపలు ఇక ఈ గుమ్మం ఎక్కనివ్వనని అలిగినా, గంపకి చెయ్యి వెయ్యకుండా లోపలికి వెళ్లిపోయిన ఇల్లాలిని నేను చూడలేదు. కోపం మొహంలో ఉండేది, చెయ్యి మాత్రం గంప అంచు మీద ఉండేది.

మా ఇంట్లో ఆ పని మా ఆవిడదే. నేను వరండాలో పేపరు చదువుతూ, చేప తాజాదో కాదో అక్కణ్ణుంచే తీర్పు చెప్పేవాణ్ణి. నాలుగేళ్ల కిందట ఒకరోజు మా ఆవిడ గుడివాడలో వాళ్ల అక్కగారింటికి వెళ్లింది. చేపలు నేనే కొన్నాను. గంప దించడం ఎలాగో అయింది. ఎత్తడానికి వంగేసరికి మాత్రం నాకూ గంపకీ మధ్య నా పొట్ట అడ్డం వచ్చింది. చేతులు చాలా దూరం నుంచి చాచి, నడుం మీద బరువంతా వేసి లాగాను. గంప చేపలత్త భుజం దాకా వచ్చింది. అక్కడ నా ఊపిరి అందలేదు, చెయ్యి జారింది. గంప ఆవిడ వైపు ఒరిగిపోయి, మెడ పక్కకి మెలితిరిగి, ఐసు నీళ్లతో సహా చేపలన్నీ ఆవిడ మీదా రోడ్డు మీదా పడ్డాయి.

ఆవిడ మెడ పట్టుకుని అలాగే కింద కూలబడింది. నన్ను ఒక్క మాట అనలేదు. “అయ్యో మాస్టారండీ, మీకెందుకండీ ఈ పని? అమ్మగారు లేరా?” అంది. ఆ మన్ననే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఎదురింటి ఇల్లాలు పరుగెత్తుకొచ్చి, నాతో పాటు చేపలేరి, గంపని ఒక్క ఊపులో ఆవిడ తల మీద పెట్టింది. ఆ ఎదురింటావిడ బక్కపల్చటి మనిషి, వయసులో నాకంటే పెద్దది. చేపలత్త మెడ ఒక పక్కకి వంచుకునే నడిచి వెళ్లింది. “మెడ పట్టేసినట్టుంది. తగ్గిపోద్దిలెండి” అంది వెళ్తూ. తరవాత అయిదు వారాలు రాలేదు. వచ్చినప్పుడు మా గేటు దగ్గర ఆగకుండా ఎదురింటి దగ్గర దించుకుంది. మా ఆవిడ రోడ్డు దాటి వెళ్లి కొనుక్కొచ్చింది. నేను కిటికీ పక్కన, బయటికి కనపడకుండా నిలబడి చూశాను. సిగ్గేసింది.

ఒంట్లో కొవ్వు ఎక్కువైంది, తగ్గించుకోండి అని డాక్టరు అంతకు ముందు రెండేళ్లుగా చెబుతూనే ఉన్నాడు. అది రిపోర్టులో కాగితం మీది మాటగానే ఉండిపోయింది. రోడ్డు మీద చెల్లాచెదరుగా పడ్డ చేపలు చూశాకే ఒంటి మీదికి వచ్చింది. యాభై రెండేళ్ల వయసులో జిమ్ములో చేరాను. ఆ జిమ్ము ఉన్న మేడ గదిలో ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. మా ఇంట్లో గుమాస్తా ఉద్యోగం తప్ప వేరే భవిష్యత్తు ఊహించని రోజుల్లో నేను అక్కడే టైపు నేర్చుకున్నాను. అప్పుడు వేళ్లు నొప్పి, ఇప్పుడు మిగతావన్నీ నొప్పి. కోచ్ నలభై దాటిన మనిషి, రోజూ గుడివాడ నుంచి మొదటి బస్సుకి వచ్చేవాడు. ఏం చెయ్యాలని వచ్చారు మాస్టారూ అని అడిగాడు. నేల మీంచి పాతిక కిలోలు ఎత్తాలి, జారకూడదు అన్నాను. పొట్ట తగ్గాలని కాకుండా అలా అడిగినవాణ్ణి నన్నే చూశాడట. ముందు ఉత్త కడ్డీ చేతికిచ్చాడు. “నడుంతో లాగకండి, కాళ్లతో లేవండి. బరువుని ఒంటికి దగ్గరగా తెచ్చుకోండి. దూరంగా పెట్టుకున్న బరువే మనిషిని పడేస్తుంది” అన్నాడు. నెల రోజులు ఆ ఉత్త కడ్డీతోనే గడిపాను.

మూడు నెలలైనా నడుం చుట్టూ ఉన్నది కదల్లేదు. కోచ్ తిండి సంగతి అడిగాడు. ఆ విషయంలో నాకు బోలెడంత ధైర్యం. “రాత్రి అన్నం ఎప్పుడో మానేశానండి. టిఫినే” అన్నాను. ఈ మాట మా కృష్ణా జిల్లాలో నలభై దాటిన ప్రతి మగవాడూ దీక్ష పట్టినంత గంభీరంగా చెబుతాడు. టిఫినంటే ఏమిటని అతను అడిగాడు. రెండు పెసరట్లు అన్నాను. ఉప్మా వేసా? వేసే. అల్లప్పచ్చడి? అది లేకుండా పెసరట్టెలా దిగుతుంది? ఆ తరవాత? ఆ తరవాత ఏం లేదు, పెరుగన్నం రెండు ముద్దలు, అది లేకపోతే నిద్ర పట్టదు. అతను వేళ్ల మీద లెక్కేశాడు. “మాస్టారూ, మీరు అన్నం మానలేదు. దానికి ముందు ఇంకో భోజనం చేర్చారు” అన్నాడు. లెక్క చెప్పి పొట్ట పోసుకునే వాణ్ణి, ఆ కూడిక నాకు పదేళ్లుగా తట్టలేదు. అన్నం కొలిచి తినమన్నాడు, పక్కన చేప ముక్కలు ఎక్కువ వేసుకోమన్నాడు. “మీ వీధికి చేపలావిడ రాదా ఏంటి?” అని కూడా అన్నాడు. వస్తుంది, ఎదురింటికి వస్తుంది అని చెప్పలేకపోయాను.

కాటా మీద అంకె ఆ తరవాత కూడా పెద్దగా తగ్గలేదు. మొదట్లో రోజూ ఎక్కి చూసి రోజంతా దిగాలుగా ఉండేవాణ్ణి. మా ఆవిడ ఒకరోజు కాటాని బీరువా కిందికి తోసేసి, నా బెల్టు తెచ్చి చూపించింది. రెండు బెజ్జాలు లోపలికి వచ్చాను. ప్యాంట్లన్నీ దర్జీకిచ్చి బిగుతు చేయించింది. చొక్కాలు మాత్రం భుజాల దగ్గర పట్టేస్తున్నాయి. “తగ్గుతున్నారో పెరుగుతున్నారో ముందు తేల్చుకోండి” అంది. నేల మీంచి అరవై కిలోలు ఎత్తిన రోజు కోచ్ చప్పట్లు కొట్టాడు. నాకు మాత్రం ఇంకా భయం పోలేదు. ఇనుప కడ్డీకి మెడ ఉండదు కదా.

చేరి ఏడాదిన్నర అయ్యాక, ఒక ఆదివారం గేటు తీసుకుని బయటికి వెళ్లి, “అత్తా, ఇక్కడ దించు” అన్నాను. ఎదురింటి వైపు వెళ్తున్నదల్లా ఆగింది. దించేటప్పుడు నా ధ్యాసంతా ఆవిడ మెడ మీదే ఉంది. కొన్నాను. ఎత్తాల్సి వచ్చేసరికి ఆవిడ ఎడమ చెయ్యి తనకు తెలియకుండానే మెడ మీదికి వెళ్లింది. “అమ్మగారిని పిలవండి మాస్టారూ” అంది. నేనే ఎత్తుతానన్నాను. ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, తల మీద గుడ్డ చుట్ట సర్దుకుని వంగింది. నన్ను నమ్మడానికి ఆవిడకెంత ధైర్యం కావాలో నాకు అప్పుడు తెలిసింది. కాళ్లు ఎడం చేసి, గంపని ఒంటికి దగ్గరగా లాక్కుని లేచాను. గంప గాల్లో తేలినంత సులువుగా ఆవిడ తల మీదికి వెళ్లి కూర్చుంది. మా ఆవిడ వరండాలో లేచి నిలబడింది. నాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి, సంతోషంతోనే.

ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. ఏడాదిన్నర పాటు బరువులు మోసిన చేతులకి, మనకి తెలిసినా తెలియకపోయినా, అయిదు కిలోలేదో పదిహేను కిలోలేదో తెలిసిపోతుంది. ఆ గంప పన్నెండు కిలోలుంటుంది, అంతే.

“ఏంటత్తా, గంప తేలిగ్గా ఉంది?”

“తగ్గించేశానండి. ఇదివరకంత మొయ్యలేకపోతున్నా.”

“మెడ వల్లా? ఆ రోజు నా వల్లా?”

ఆవిడ గంప కింద నుంచే నవ్వింది. “మీ వల్ల కాదులెండి మాస్టారూ, వయసు. మీరేమో కుర్రోడు అయిపోతున్నారు” అని మలుపు తిరిగి వెళ్లిపోయింది.

ఆవిడ నిజమే చెప్పిందో, నా మీద దయతలిచి చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తరవాత ఆవిడ వచ్చిన ప్రతిసారీ నేనే గంపకి చెయ్యి వేశాను. ప్రతిసారీ కొద్దిగా తగ్గేది, నేను అడిగేవాణ్ణి కాదు. మరుసటి వానల తరవాత నాగాయలంకలో కూతురి దగ్గరికి వెళ్లిపోయిందని ఎదురింటావిడ చెప్పింది. నేను ఇప్పటికీ జిమ్ముకి వెళ్తున్నాను, ఎనభై కిలోలు ఎత్తుతున్నాను. ఒంటి మీంచి కాస్త బరువు దించుకోవడానికి నాకు ఏడాదిన్నర, ఒక కోచ్, బిగించిన బెల్టు కావాల్సి వచ్చాయి. అదే ఏడాదిన్నరలో ఆవిడ గంపలోంచి కాలం సగం బరువు దించేసింది, ఎవరినీ ఒక చెయ్యి వెయ్యమని అడగకుండానే.