తాత కొట్టి చూసిన కప్పు

మా తాత మొగిలి ఎవరింటికి పెళ్లిచూపులకు వెళ్లినా ముందు పైకప్పును చూస్తాడు, తర్వాతే పిల్లను చూస్తాడు. కూర్చునేది గుమ్మం దగ్గరే.

గోదావరిఖనిలో ముప్పై ఏళ్లు బొగ్గు బాయిలో, అంటే గనిలో పనిచేశాడు, చివరి పదేళ్లు సర్దారుగా. షిఫ్టు మొదలవగానే సర్దారు ముందు నడిచి, కర్రతో కప్పును కొట్టి వినాలి. ఖంగుమంటే గట్టిది, బోలుగా మోగితే కూలేది. ఆయన సరేనంటేనే మిగతావాళ్లు అడుగు వేస్తారు.

ఆరేళ్ల క్రితం, రిటైరవడానికి ఏడాది ముందు, ఒక రోజు తాత సరేనన్నాడు. గంట తర్వాత ఆ కప్పు కూలి ఆయన జతగాడు కొమురెల్లి చనిపోయాడు. విచారణలో తాత తప్పేమీ లేదని తేలింది. తాత మాత్రం ఒప్పుకోలేదు. మళ్లీ బాయిలోకి దిగలేదు, ఏ కప్పు కిందా పడుకోలేదు. మంచం వాకిట్లోనే. వానొస్తే గొడుగు పట్టుకుని కూర్చునేవాడు. ఈ ఏడాది రెండుసార్లు న్యుమోనియా వచ్చింది. మూడోసారి వస్తే దక్కడన్నారు.

మాత్రలు, తాయెత్తులు, మా నాయనమ్మ సారవ్వ తిట్లు, ఏవీ పనిచేయలేదు. చివరికి హైదరాబాద్‌లో ఒక దవాఖానకు తీసుకెళ్లాం. ఆపరేషన్లకు వాడే కెటమిన్ అనే మత్తుమందును తక్కువ మోతాదులో ఎక్కించి, మనసు వదులైనప్పుడు పక్కన కూర్చుని మాట్లాడిస్తారట. అందరికీ పనిచేస్తుందని చెప్పలేనని డాక్టర్ సాదియా ముందే చెప్పింది.

చికిత్స గదిలోకి వెళ్లగానే తాత సెలైన్ స్టాండు లాక్కుని పైకి కొట్టాడు. అది ఫాల్స్ సీలింగ్. బోలుగా మోగక ఏం చేస్తుంది?

"బయటికి నడువుండ్రి. కప్పు ఇడిసింది, కూలుతది," అని డాక్టరునూ నర్సునూ చెయ్యి పట్టి కారిడార్‌లోకి లాగేశాడు.

నాయనమ్మ తల పట్టుకుంది. "రిటైరయి అయిదేండ్లాయె, ఇంకా డ్యూటీ దిగకపోతివి. డాక్టరమ్మ ముంగట ఇజ్జత్ తీస్తివి."

"సప్పుడు నీకు ఇనరాలేదా?"

డాక్టర్ సాదియా నవ్వలేదు. "మీరు విన్నది నిజమే తాతా. అది అసలు కప్పు కాదు," అని ఎలక్ట్రీషియన్ను పిలిచి ఒక పలక తీయించింది. పైన సిమెంటు స్లాబు. తాత స్టూలెక్కి నాలుగు చోట్ల కొట్టాడు, చెవి పెట్టి విన్నాడు.

"గిది కప్పు. కిందిదంత ఉత్త అట్ట," అని దిగి, ఎవరూ చెప్పకుండానే పడుకున్నాడు. ఆరేళ్ల తర్వాత తన చెవిని తానే నమ్మిన రోజు అది.

డాక్టర్ నన్ను మూలన కూర్చోమంది. మందు ఎక్కిన కాసేపటికి, గోదావరిలో తేలుతున్నానన్నాడు తాత. తర్వాత కొమురెల్లి వచ్చి పక్కన కూర్చున్నాడట. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, మొహం మాత్రం నిమ్మళంగా ఉంది.

"ఏమంటున్నాడు?" డాక్టర్ అడిగింది.

"బీడీ ఉన్నదా అంటుండు."

"మీరేమన్నారు?"

"బాయిల బీడీ ఏందిరా, నౌకరి పోతది అన్న." తల పక్కకు తిప్పాడు. "మంచిగనే కొట్టి సూసిన రా కొమురెల్లి. నాకైతే బోలు ఇనవడలే."

కప్పు కూలిన రోజు నుంచి ఆ పేరు ఆయన నోట వినడం నాకదే మొదలు.

మూడు నెలల్లో ఆరుసార్లు వెళ్లాం. మధ్యలో మందు లేకుండా ఉత్త మాటలు కూడా ఉండేవి. ఇంకా కుక్కరు కూస్తే ఉలిక్కిపడతాడు. కానీ మొన్న ముసురు పట్టినప్పుడు తనే మంచం ఎత్తుకొచ్చి నడింట్లో వేశాడు.

"జర జరుగవే," అన్నాడు నాతో.

ఆయన గురకకు తట్టుకోలేక ఇప్పుడు వసారాలో పడుకుంటున్నది నేను. తాత మనసు మార్చుకుంటాడేమోనని నాయనమ్మ లోపలి నుంచి గడియ కూడా పెట్టేసుకుంటోంది.