నాలుగు మోటార్లు ఆగిన మధ్యాహ్నం

సైన్యం వదిలించుకున్న పాత సామాన్లలోంచి ఆ రేడియోను సికింద్రాబాదు తుక్కు బజారులో కొన్నాను. తొంభైల మొదట్లో. ఆకుపచ్చ ఇనుప పెట్టె, రెండు పక్కలా పిడులు, ఇద్దరు పడితే గానీ లేవదు. లోపల వరసగా గాజు వాల్వులు, వాటి కింద మైనం కారిపోయిన కండెన్సర్లు. ఆళ్లగడ్డలో బస్సు మీది నుంచి దించుతూ క్లీనరు "ఏందన్నా, బాంబా?" అన్నాడు. నవ్వి ఊరుకోవాల్సింది. వాణ్ని తిట్టాను.

నాకు నంద్యాలలో ఉద్యోగం. అద్దె ఇంటాయన మిద్దె మీద ఏరియల్ తీగ కట్టనివ్వలేదు. ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో సేద్యం చేసే మా అన్న, విత్తనాల గది ఖాళీ చేసిచ్చాడు. మూటలన్నీ వసారాలోకి మార్చుకున్నాడు. ఆదివారం వస్తే నేను ఆ గదిలోనే. పెట్రోలుతో మడ్డి కడిగాను, వాల్వుల కాళ్లను గరుకు కాగితంతో రుద్దాను, కండెన్సర్లు ఒక్కొక్కటే మార్చాను. పని మధ్యలో ఎవరు పలకరించినా కసిరేవాణ్ని.

రెండో ఏడు అది పలికింది. ఏదో దూరదేశపు గొంతు, నాలుగు మాటలు, అంతే. వాల్వుల్లో ఎరుపు మందగించి గొంతు సన్నగిలిపోయింది. వెనక చేలల్లో మోటార్లకిచ్చే త్రీఫేజు కరెంటు వచ్చి అవి మొదలయ్యాయి. మా ఇంటికీ నాలుగు బోర్లకూ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. ఒక బోరు అన్నది, మూడు పక్క రైతులవి. అవి తిరుగుతుంటే ఇంట్లో బల్బు కూడా నిప్పుకణికలాగా మిగిలేది. టీవీలకు వాడే బూస్టర్ తెచ్చి, రేడియోనూ గదిలో బల్బునూ దానికే తగిలించాను. తక్కువగా వచ్చే కరెంటును అది పెంచి ఇస్తుంది. దాని బిరడాను చేత్తో తిప్పుకోవాలి; కరెంటు పెరిగితే మళ్లీ చేత్తోనే తగ్గించుకోవాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం బిరడాను చివరిదాకా తిప్పినా వాల్వులు సరిగా వెలగలేదు. ఒళ్లు మండిపోయింది. చేను గట్టు మీదికి పోయి అన్న మీద అరిచాను.

"ఆ మోటార్లు ఆపు. అర్ధగంట."

"శనక్కాయ ఊడలు దిగుతాండాయిరా. కరెంటుండేదే ఇంతసేపు. ఇప్పుడు తడి లేకుంటే కాయ యాడ పడ్తాది?"

"రెండేండ్లుగా చస్తాండా దాంతో. ఒక్క దినం నా మాట వినకూడదా?"

"నా ఒక్కనిది ఆపితే చాలా నీకు?"

"నాలుగూ ఆపల్ల."

"ఏం మొండోనివిరా నువ్వు," అని నవ్వి పార పక్కన పడేశాడు. "పో, పెట్టె కాడ కూచో. వాళ్లకు నేను చెప్తా."

ఆ ముగ్గురి దగ్గరికీ గట్టు గట్టునా తిరిగి, "మావాని ముచ్చట ఒక్కసారి తీరనీయండప్పా" అని బతిమాలాడట. "మీ తమ్మునికి పాటలు, మా చేనికి ఎండనా?" అని ఒకాయన సణిగాడట. అయినా అన్న మాట కాదనలేదు. నలుగురూ కూడబలుక్కుని ఒక్కసారే స్టార్టర్లు నొక్కి మోటార్లు ఆపేశారు.

నేను చెవి స్పీకరుకు ఆనించి కూర్చున్నాను. బిరడా చివరనే ఉంది. మోటార్లు ఆగితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. చేయి మాత్రం దాని మీదికి పోలేదు. తల పైన బల్బు తెల్లగా మెరిసి పగిలింది. గొంతు ఒక్క క్షణం, ఎన్నడూ లేనంత స్పష్టంగా, గదంతా నిండింది. తర్వాత గుయ్యిమని రొద, కాలిన తారు వాసన, పెట్టె లోపలి నుంచి పొగ. ప్లగ్గు పీకేసరికి రేడియో లోపలి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోయింది, రెండు వాల్వులు పోయాయి.

అప్పుడే అన్న వచ్చాడు. వెనక ఆ ముగ్గురు, బురద కాళ్లతో, వినిపోదామని.

"ఏమిరా, పలుకుతాందా?"

"ఎవుడు చెప్పినాడు నీకు అన్నీ ఒకేసారి ఆపమని? మట్టి పిసికే వానికి కరెంటు సంగతి ఏం తెలుస్తాది! నాశనం చేస్తివి గదా!"

ఆ ముగ్గురూ నా వైపు చూడలేదు, అన్న వైపే చూశారు. "మా నీళ్లు ఆపి మీవాని పెట్టె కాల్చినావా అన్నా?" అన్నాడు ఒకాయన. వాళ్లు తిరిగి పోయి మోటార్లు వేసేలోపల కరెంటు పోయింది.

ఆ తర్వాత వాళ్ల దగ్గర అన్న మాట చెల్లలేదు. నీళ్ల వంతు గురించి నోరు తెరిస్తే చాలు, "ముందు మీ తమ్మున్ని అడుక్కోపో" అనేవాళ్లు. కొన్నాళ్లకు అన్న నన్ను ఒకటే అడిగాడు: "ఆ బూస్టర్ తగ్గించింటే కాలేది కాదంట గదా. ఆ మాట నువ్వే వాళ్లకు చెప్పు."

"ఇప్పుడు చెప్తే నా పెట్టె తిరిగొస్తాదా?" అని లేచి వచ్చేశాను.

ఏళ్లు గడిచాయి. రెండు వేల సంవత్సరం దాటాక నంద్యాలలో సొంత ఇల్లు కట్టుకున్నాను. మోటార్ల వైండింగ్ షాపులో ట్రాన్స్‌ఫార్మర్‌కు కొత్త తీగ చుట్టించాను. ఇంకో చచ్చిన సెట్టులోంచి వాల్వులు తీసి వేశాను. సెట్టు పలికింది. ఆసుపత్రి పని మీద అన్న నంద్యాలకు వస్తే, నా ఆఫీసు వాళ్లు కూడా ఉండగా, "కూచో అన్నా, వినిపిస్తా" అన్నాను.

"ఈసారి ఎవురి మోటార్లు ఆపల్ల?" అన్నాడు.

అందరూ నవ్వారు. చేతిలో టీ గ్లాసు గోడకేసి కొట్టబోయాను. కొట్టలేదు. "తప్పు నాదే. బిరడా నేను తగ్గించలేదు," అన్నాను. నా గొంతులో కోపమే ఉంది, వినయం లేదు.

"నాకెందుకు చెప్తావు? నాకు తెలీందా? వాళ్లకు చెప్పు."

ఆ ఆదివారం పోయాను. అన్న పక్కన ఉండగానే ఇద్దరికి చెప్పాను. మొదటాయన విని తల ఊపాడు. రెండో ఆయన, "ఈ మాట చెప్పనీకి ఇన్నేండ్లు కావల్నా? మీ అన్నను ఎన్ని మాటలంటిమప్పా!" అని నా మీద పడ్డాడు. ఎదురు తిట్టడానికి నోటిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి నిలబడ్డాను.

మూడో ఆయన సేద్యం మానేసి డోన్‌లో లారీల పనికి పోయాడు. ఆయన దగ్గరికి ఇంకా పోలేదు. మొన్న అన్న ఫోన్ చేసి, "డోన్‌కు పొద్దున రైలుందంటరా," అన్నాడు. "నాకు తెలుసులే!" అని ఫోను పెట్టేశాను. తర్వాత స్టేషనుకు పోయి టైము అడిగి వచ్చాను.