రైలు లేని ఊళ్ళో రైలు చప్పుడు

నేను అబద్ధాలకోరునని ఆబిడ్స్ అంతటికీ తెలుసు. మా గడియారాల దుకాణం ఎదుట ఇరానీ హోటల్లో రోజూ ఎవరో ఒకరు నాకు చాయ్ తాగిస్తారు, బదులుగా ఒక కథ చెప్పాలి. మొజంజాహీ మార్కెట్ బురుజు మీది గడియారానికి వడదెబ్బ తగలకుండా ప్రతి మధ్యాహ్నం నేనే ఐసుగడ్డ తినిపిస్తానంటే, ఒక పెద్దమనిషి రెండు రోజులు అక్కడ తలెత్తుకుని నిలబడ్డాడు. నేపాల్ వెళ్ళొచ్చానని తెలిసినవాళ్ళు ముప్ఫైనాలుగు నాటి ఆ భూకంపం సంగతి చెప్పమంటారు. నేలలోంచి ఏనుగు లేచిందనో, కొండ నాతో హిందుస్తానీలో మాట్లాడిందనో చెప్పి తప్పించుకుంటాను. జరిగింది మాత్రం ఎన్నడూ చెప్పలేదు. అందులో నేను కలిపేందుకు ఏమీ లేదు.

అప్పుడు నాకు ముప్ఫై నిండలేదు. అక్క, బావ, నేను నాంపల్లి స్టేషన్ వెనక రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. బావదీ నాదీ ఒకే దుకాణం, ఒకే పని. గోడ అవతలే పట్టాలు. రైలు వచ్చినప్పుడల్లా ఇల్లంతా వణికేది. చప్పుడు వినబడగానే అక్క మాట ఆపకుండానే గూట్లోని ఇత్తడి గ్లాసులకు చెయ్యి అడ్డం పెట్టేది. బావ గడియారం విప్పుకుని కూర్చుని ఉంటే, ఆవగింజలంత మరలు దొర్లిపోకుండా రెండు అరచేతులూ వాటి మీద బోర్లించి, రైలు పోయేదాకా కళ్ళు మూసుకునేవాడు. మధ్యలో మనం ఏమన్నా అంటే చూపుడువేలు ఒక్కటి పైకెత్తేవాడు. ఆగు, రైలు పోనీ, అని దానర్థం.

పెద్ద ఇళ్ళ గడియారాలు బాగుచేయడానికి మేమిద్దరం బొంబాయి, నాగపూర్ పోయి వచ్చేవాళ్ళం. తిరిగొచ్చినప్పుడల్లా ఒకటే ఆట. నేను ముందుగా గుమ్మంలోకి పోయి, "అక్కా, దారిలో బావని ఎలుగుబంటి ఎత్కపోయింది" అనేవాణ్ణి. బావ టాంగా వెనక దాక్కునేవాడు. అక్క చీపురు పట్టుకుని బయటికొచ్చి ఇద్దరినీ తిట్టేది.

ఆ చలికాలం ఖాట్మండూలో ఒక జమీందారు ఇంట్లో పని దొరికింది. అంత దూరం, అదీ పరదేశం, మేమెన్నడూ పోలేదు. చివరి దారి కొండల మీద కాలినడకే. అక్కడికి రైలు లేదు.

ఆ మధ్యాహ్నం జమీందారు ఇంట్లో అన్నం తిని, చేతులు కడుక్కోవడానికి నేను పెరట్లోకి వచ్చాను. బావ అప్పటికే లోపల కిటికీ పక్కన కూర్చుని గోడగడియారం విప్పాడు. నేల అడుగు నుంచి చప్పుడు మొదలైంది. రైలొచ్చింది, అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, తొందరేమీ లేకుండా. ఈ ఊళ్ళో రైలెక్కడిది అని తట్టేసరికి, దులిపిన చాపలా నేల నా కింద లేచి పడింది.

కిటికీలోంచి బావ కనిపించాడు. మరల మీద రెండు చేతులూ బోర్లించి ఉన్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"బావా! బయటికి రా! రైలు కాదు!"

బావ చూపుడువేలు పైకెత్తాడు.

తర్వాత కిటికీ లేదు. గోడ లేదు. ఎర్రటి దుమ్ము ఉంది. నా చేతుల తడి మీద ఆ దుమ్ము పేరుకుని బురదైంది. దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. మర్నాడు ఇటుకలు తీశాం. అక్కడి ఏటి ఒడ్డున చితికి నేనే నిప్పు పెట్టాను.

ఉత్తరం రాయలేదు. నా ఉత్తరాన్ని అక్క నమ్మదు. ఎదురుగా నిలబడి చెబితే నమ్ముతుందనుకుంటూ దారంతా ఒక్కటే వాక్యం వల్లించుకుంటూ వచ్చాను.

నాంపల్లిలో టాంగా దిగగానే అక్క పరుగున వచ్చింది. భూకంపం మాట వాడకట్టులో అప్పటికే తెలిసిందట.

"వచ్చిన్రా! అన్నం ముద్ద దిగలే తమ్మీ ఇన్ని దినాలు. ఏంది, ఒక్కనివే దిగినవ్? ఆయన ఏడ దాగిండు?"

"అక్కా, బావ లేడక్కా."

"ఔ ఔ. పోయినసారి ఎలుగుబంటి. గీసారి ఏం ఎత్కపోయింది?"

"భూమి."

"భూమా! గిది కొత్తగున్నది." నవ్వుతూ టాంగా చుట్టూ తిరిగింది. గుర్రం అవతల వంగి చూసింది. "జర బయటికి రా అయ్యా, నీళ్ళు కాగినయ్."

 ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను.

"గిట్ల పరాచికాలు ఆడకు తమ్మీ," అంది. ఇంకా నవ్వుతూనే ఉంది. "సరే, భూమి ఊగినప్పుడు ఆయన ఏం చేస్తున్నడు? చెప్పు, చూస్తా."

"మరల మీద రెండు చేతులు బోర్లించిండు. రైలనుకున్నడు. నేను పిలిస్తే వేలెత్తిండు."

నవ్వు ఆగిపోయింది. నా మొహం చూడలేదు, చెబుతూ నేను బోర్లించిన చేతులు చూసింది.

"ఇటుకలు తీసినంక గూడ చేతులు గట్లనే ఉన్నయక్కా. కింద ఒక్క మర దొర్లలే."

సరిగ్గా అప్పుడే స్టేషన్లోకి రైలు వచ్చింది. ఇల్లు వణికింది. గూట్లో గ్లాసులు గలగలమంటూ అంచుకు జరిగాయి. అక్క చెయ్యి లేవలేదు. నాదీ లేవలేదు. ఒక్కొక్కటే కింద పడుతుంటే ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.

రైలు పోయాక అక్క నా చొక్కా పట్టుకుంది.

"అబద్ధం చెప్పు తమ్మీ. ఎలుగుబంటి ఎత్కపోయిందని చెప్పు. నమ్ముతా."

నోరు తెరిచాను. ఒక్కటీ రాలేదు.