నిలువుగా పైకి లాగిన మనిషి

అది 2022 మే నెల. వాంకూవర్ నుంచి చిన్న చిన్న బృందాలను దీవుల చుట్టూ తిప్పి తీసుకొచ్చే స్పీడ్‌బోటుకు నేను స్కిప్పర్‌ని. అంటే నడిపేదీ నేనే, దారిలో కబుర్లు చెప్పేదీ నేనే, ఏదైనా జరిగితే జవాబు చెప్పుకోవాల్సిందీ నేనే. అంతకుముందు విశాఖ రేవులో ఓడలను లాగే టగ్గుల మీద పదేళ్లు పనిచేశాను. నీళ్లు నాకు కొత్త కాదు.

ఆ రోజు ఎనిమిది మంది వచ్చారు. వారిలో హామిల్టన్ నుంచి సెలవు మీద వచ్చిన తెలుగు జంట ఉంది. సునీత అక్కడి ఆసుపత్రిలో ఎమర్జెన్సీ నర్సు. భర్త కిరణ్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నీళ్లలో పడినా తేలేలా చేసే ఎర్రటి సూట్లు అందరికీ ఇస్తుంటే కిరణ్ నవ్వాడు.

"ఇంత ఎండలో ఇవెందుకండీ?"

"ఎండ పైనే. కింద నీళ్లు పది డిగ్రీలు" అన్నాను.

సీల్ జంతువులను చూశాం. ఒక దీవిలో భోజనం చేశాం. మళ్లీ బయలుదేరిన కాసేపటికి రేడియోలో ఛానెల్ 16 పలికింది. సముద్రంలో ఆపద కబురు ఏదైనా ఆ ఛానెల్ మీదే వస్తుంది. ఒక అల్యూమినియం పడవ బోల్తా పడి చాలాసేపయిందట, ఇద్దరు నీళ్లలో ఉన్నారట. కోస్ట్ గార్డ్ బోటు రావడానికి అరగంట పైనే పడుతుంది. నేను పది నిమిషాల దూరంలో ఉన్నాను. దగ్గర్లో ఉన్నవాళ్లు వెళ్లి తీరాలి. అది మా వృత్తిలో చట్టం కూడా. ప్రయాణికులకు విషయం చెప్పి బోటు తిప్పాను. ఎవరూ కాదనలేదు.

బోర్లాపడిన పడవ మీద ఒకావిడ పడుకుని ఉంది. ఆమెకు లైఫ్ జాకెట్ ఉంది. ఆమె భర్తకు లేదు. డెబ్బై ఏళ్లుంటాయేమో, మెడ దాకా నీళ్లలో ఉండి పడవ అంచు పట్టుకుని వేలాడుతున్నాడు. నన్ను చూసి, తడబడే మాటలతోనే, "ముందు ఆమెను తీసుకో" అన్నాడు. తీసుకున్నాం. ఆమె పేరు జోన్. ఆయన పేరు వాల్టర్ అని ఆమె పిలుస్తుంటే తెలిసింది.

తర్వాత ఆయన వంతు. నేను ఒక చంక కింద, కిరణ్ ఇంకో చంక కింద చేతులు వేసి, ఒకటి, రెండు, మూడు అని నిలువుగా పైకి లాగాం. బోటు అంచు దాటించి బెంచీ మీద కూర్చోబెట్టాం. "థాంక్యూ" అన్నాడు. నా చేతిని గట్టిగా పట్టుకున్నాడు కూడా. ప్రయాణికులు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి.

జోన్‌కు దుప్పటి చుడుతున్న సునీత తల తిప్పి చూసి కేక వేసింది.

"కూర్చోబెట్టకండి! పడుకోబెట్టండి, పడుకోబెట్టండి!"

అప్పటికే ఆయన కళ్లు తేలిపోయాయి. పక్కకు ఒరిగిపోయాడు. నాడి లేదు.

చల్లటి నీళ్లలో చాలాసేపు ఉన్న మనిషిని నిలువుగా లాగకూడదు. నీళ్లలో ఉన్నంతసేపూ నీటి ఒత్తిడి కాళ్ల చుట్టూ నొక్కి రక్తాన్ని పైకి నిలుపుతుంది. ఒక్కసారిగా నిలువుగా బయటికి తీస్తే రక్తం కాళ్లలోకి జారిపోతుంది, అసలే చల్లబడి ఉన్న గుండె ఆగిపోవచ్చు. అందుకే అడ్డంగా దొర్లించి తీయడానికి ఒక వల ఉంటుంది. మా బోటులోనూ ఉంది, నేను నిలబడ్డ చోటికి రెండడుగుల దూరంలో, సీటు కింద. స్కిప్పర్ లైసెన్సు కోసం రాసిన పరీక్షలో ఈ ప్రశ్న వచ్చింది. సరైన జవాబే రాశాను.

రేవు చేరేవరకు సునీత, కిరణ్ వంతులు వేసుకుని ఆయన ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నారు. అలల మీద బోటు ఎగిరిపడుతుంటే సునీత మోకాళ్లు నేలకు కొట్టుకుని రక్తం వచ్చింది. జోన్ ఆయన బూటు పట్టుకుని కూర్చుంది. రేవులో అంబులెన్స్ వాళ్లు ఇంకో ఇరవై నిమిషాలు ప్రయత్నించి ఆపేశారు.

అందరూ వెళ్లాక సునీతను అడిగాను. "నా వల్లే పోయాడా అమ్మా?"

"పడుకోబెట్టి తీసుంటే బతికేవాడని నేను చెప్పలేనండీ. బతికేవాడు కాదని కూడా చెప్పలేను. మీకు ధైర్యం కోసం అబద్ధం చెప్పమంటారా?"

"వద్దు" అన్నాను.

విచారణ జరిపినవాళ్లు నా తప్పని రాయలేదు. చాలాసేపు నీళ్లలో ఉండటం వల్ల అని రాశారు. నెల తర్వాత జోన్ మా ఆఫీసుకు వచ్చింది. ఆయన చివరగా ఏమన్నాడని అడిగింది. థాంక్యూ అన్నాడని చెప్పాను. అక్కడితో ఆపి ఉండవచ్చు. కానీ ఎలా లాగామో, ఎలా లాగాల్సిందో కూడా చెప్పాను.

"ఆ సంగతి నీకు అప్పుడు తెలుసా?" అని అడిగింది.

"తెలుసు. ఆ క్షణంలో గుర్తు రాలేదు."

ఆమె నా చేతుల వైపు చూసింది. తర్వాత బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

ఆ ఏడాది పని మానేద్దామనుకున్నాను. మానలేదు. ఇప్పుడు సీజన్ మొదలయ్యే ముందు కొత్తగా చేరినవాళ్లను రేవు పక్కకు తీసుకెళ్తాను. సూటు వేసుకుని ఆ చల్లటి నీళ్లలోకి నేనే దిగుతాను. వల వేసి నన్ను అడ్డంగా దొర్లించి పైకి తీయమంటాను. మొదటిసారి అందరూ చంకల కిందే చేతులు వేస్తారు. మళ్లీ దిగుతాను. చలికి పళ్లు కొట్టుకుంటున్నా, ఆలోచించకుండా వాళ్ల చేతులు వల వైపు వెళ్లేదాకా దిగుతూనే ఉంటాను. తెలిసి ఉండటం వేరు, చేతికి రావడం వేరు. ఆ రెంటి మధ్య ఉన్న తేడా ఎంతో నేను వాల్టర్ దగ్గర నేర్చుకున్నాను.