వెంకమ్మ బామ్మకు ఐదు నిమిషాలు

ఇప్పటికీ గోదావరిఖని బస్టాండులో నన్ను చూడగానే కొందరు చెవి వెనక అరచెయ్యి పెట్టి "ఆఁ?" అంటారు. నేను తల దించుకుని దొరికిన షేర్ ఆటో ఎక్కేస్తాను, అది ఎటు పోతున్నా సరే. నా పరువు ఒక్క పూటలో, ఒక కారులో, కిటికీలు మూసి ఉండగా ఎలా మంటగలిసిందో చెప్పేస్తాను. నవ్వుకోండి. కాకపోతే బస్టాండులో కాదు, మీ ఇంట్లో నవ్వుకోండి.

ఆ ఏడు మా కాలనీ ఉత్సవానికి సుభద్రమ్మను పిలిచాం. పేరు చెబితే గుర్తురాదు. నా చిన్నప్పుడు టీవీలో వారానికోసారి వచ్చే నవ్వుల సీరియల్‌లో చెవిటి వెంకమ్మ బామ్మ ఆవిడే. ఇల్లు అంటుకుందని కోడలు మొత్తుకుంటుంటే బామ్మ తాపీగా చెవి వెనక చెయ్యి పెట్టి "ఆఁ?" అనేది. మా ఇంట్లో ఆ బామ్మకు వీరాభిమాని మా బాపు, అంటే మా నాన్న, గట్టయ్య. బొగ్గుబాయిలో డ్రిల్లు మిషన్ మీద పనిచేసి, చెవులు అక్కడే వదిలేసి వచ్చిన మనిషి. టీవీలో ఒక్క మాట వినపడకపోయినా పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

మా వీధిలో అరవై దాటినవాళ్లకు చెవులు వినపడితేనే వింత. అన్ని ఇళ్లలోనూ ఒర్రి, అంటే గట్టిగా అరిచి, మాట్లాడడమే అలవాటు. అంచేత వెంకమ్మ బామ్మ చెవుడు నటన అయి ఉంటుందని నాకు ఏనాడూ తట్టలేదు. ఆవిణ్ని తీసుకురావడానికి వెళ్లి, రామగుండం స్టేషన్లో రైలు కూత వేస్తుండగా వెనక నుంచి "మేడం" అన్నాను. ఆవిడ తిరగలేదు. అంతే, నా మట్టిబుర్రలో తీర్పు అయిపోయింది.

స్టేజీ మీద ఆవిడ జీవిత పరిచయం చదివే బాధ్యత నాదే. కమిటీలో అందరికన్నా పెద్ద గొంతు నాదని ఇచ్చారు. కారులో కూర్చోగానే కాగితం తీసి ఆవిడ చెవిలో "ఎక్కడ పుట్టిండ్రమ్మా" అని ఒర్రాను. డ్రైవర్ రాజన్న ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. ఆవిడ అదిరిపడి, చెవి రుద్దుకుని, "మంథని" అంది మెల్లగా.

"నాయనా, నాకు చెవులు..." అని ఏదో చెప్పబోయింది. పెద్దావిడకు దాహమేస్తోందేమోనని నీళ్ల సీసా అందించాను. రెండోసారి చెప్పబోతే రెండో సీసా ఇచ్చాను. మూడోసారి ఆవిడే ఊరుకుంది. ఒళ్లో రెండు సీసాలతో, అడిగినవాటికి ఓపిగ్గా జవాబులు చెప్పింది. తండ్రి గుళ్లో పూజారి. ఆడపిల్ల ముఖానికి రంగేసుకుందని రెండేళ్లు కూతురితో మాట్లాడలేదట. హైదరాబాదులో టైపిస్టు ఉద్యోగం, సాయంత్రాలు నాటకాలు. ముప్పై రెండేళ్లకే డెబ్బై ఏళ్ల బామ్మ వేషం. ఆఖరిసారి స్టేజీ ఎక్కి పదకొండేళ్లయిందని చెప్పి, చేతిసంచిలోంచి బామ్మ పాత కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది.

"ఎంతసేపు మాట్లాడొచ్చు నాయనా?" అని అడిగింది.

"మీ ఇష్టమమ్మా, గంటైనా సరే" అని ఒర్రాను. ఆ నోటితోనే, ఆ కారులోనే, మామూలు గొంతుతో రాజన్న వైపు తిరిగాను. "సినిమా హీరోయిన్ దొరకలేదన్నా, గందుకే గీమెను పిలిచినం. ఇప్పుడు గీమెను ఎవ్వలు గుర్తుపడ్తరు? ఐదు నిమిషాలు కాంగనే మైకు కట్ చేసి డాన్సులు పెడ్తం."

సుభద్రమ్మ కిటికీ వైపు తిరిగింది. ఓపెన్‌కాస్ట్ గనుల మట్టిగుట్టలు చూస్తోందనుకుని, అవి ఎంత ఎత్తో కూడా ఆవిడ చెవిలో ఒర్రి చెప్పాను. కళ్లద్దాలు సంచిలోకి వెళ్లిపోవడం చూశాను గానీ, ఎందుకో ఆలోచించలేదు.

స్టేజీ మీద నా పరిచయానికి ఎవరూ తల ఎత్తలేదు. తర్వాత సుభద్రమ్మ మైకు ముందుకొచ్చింది. ముందు వరసలో మా బాపు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. అది చూసి ఆవిడ సంచిలోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుంది. నడుం వంచింది. చెవి వెనక చెయ్యి పెట్టి "ఆఁ?" అంది.

హాలు కప్పు లేచిపోయింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన మసి ముఖాలు, వాళ్ల భార్యలు, పిల్లలు అందరూ ఒకటే నవ్వు. "వయసులో ఉన్నప్పుడు నెత్తిన పౌడరు పోసి పని ఇచ్చిండ్రు. ఇప్పుడు ఆ దేవుడే పౌడరు పోసిండు, పని మాత్రం లేదు" అంటే నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"ఐదు నిమిషాలైనట్టుంది తిరుపతీ. మైకు కట్ చేస్తవా, హీరోయిన్ వచ్చేదాంక ఉండమంటవా?"

జనం అదీ సీరియల్‌లో మాటే అనుకుని చప్పట్లు కొట్టారు. రాజన్న ఒక్కడే నోరు తెరిచాడు; కారులో సంగతి ఊరంతా చెప్పేదాకా మళ్లీ మూయలేదు. ఆవిడ ముప్పావు గంట మాట్లాడింది. డాన్సుల ఊసు ఎవరూ ఎత్తలేదు.

దిగాక ఆవిడ కాళ్ల మీద పడ్డాను. "నువ్వు ఒర్రినప్పుడు సగమే తెలిసింది గానీ, మెల్లగ అన్నది మాత్రం మంచిగ వినబడ్డది నాయనా" అంది. "పుట్టిన ఊరు మొదలు అన్నీ అడిగి రాసుకున్నోన్ని ఈ మధ్య నిన్నొక్కన్నే చూసిన" అని కూడా అంది. తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి తీసుకొచ్చాను. ఆవిడ బాపు ఎదురుగా, కిటికీ వెలుతురు తన ముఖం మీద పడేలా కూర్చుంది. మామూలు గొంతుతో అడిగింది: "అన్నా, నా సీరియల్‌ల ఏం చూసి నవ్వేటోళ్లు మీరు?"

నేను ఒర్రడానికి నోరు తెరిచాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"మీ మొకమే మాట్లాడ్తదమ్మా" అన్నాడు బాపు వెంటనే. "బాయిల మిషన్ చప్పుడుకు ఎవ్వలి మాట ఇనవడది. నెత్తిమీది లైటు ఎదుటోని మొకం మీద కొట్టి, పెదవులు సూసి మాట్లాడుకునేటోళ్లం. గా అలవాటు పోలే."

ఇన్నేళ్లుగా ఆయన వీపు వెనక నిలబడి ఒర్రుతున్న నేను మొదటిసారి ఎదురుగా కూర్చున్నాను. "మరి మాకెందుకు చెప్పలే బాపూ?" అని మెల్లగా అడిగాను.

"నువ్వు ఎన్నడన్న అడిగితివా? ఒర్రితివి" అన్నాడు. పప్పు కలుపుకుంటూ, "మొన్న వంటింట్ల కోడలుతోని అంటివి గదా, ముసలాయన మంచం వరండాల ఏద్దాం, ఆయనకేం తెల్వదని. నేను ఈడ కూసొని సూస్తనే ఉన్న."

నేను సుభద్రమ్మ వైపు చూశాను, ఏదైనా సాయం చేస్తుందేమోనని. ఆవిడ చెవి వెనక చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

కనుక మా బాపు పాత బాయి టోపీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ మనిషి చెవుల గురించీ ఇకమీదట నేను తీర్పు ఇవ్వను. ముఖం చూడకుండా ఎవరితోనూ మాట్లాడను. ఇక మంచం సంగతి అంటారా, బాపుది నడిగదిలో ఫ్యాను కిందే ఉంది. వరండాలో ఉన్నది నాది.