తోడల్లుళ్ళ కార్లు

కార్లుంచిన అద్దె షెడ్డు ఖాళీ చేయమని యజమాని కబురు పెట్టాక, ఒకటి అమ్మడం తప్ప పెద్దాయనకు వేరే దారి కనిపించలేదు. ఇంటి ముందు ఒక్క కారుకే చోటుంది. ఉన్నవి రెండు. ఒకటి తనది, రెండోది నిరుడు పోయిన తోడల్లుడు చిన్నాయనది.

రెండూ మాజ్దా కంపెనీవే. పెద్దాయనది ఎర్ర ఆర్ఎక్స్-7. దాని ఇంజన్‌లో పిస్టన్లుండవు, మూడు మూలల రోటర్లు తిరుగుతాయి. చిన్నాయనది పైకప్పు మడిచేసే ఎమ్ఎక్స్-5. రెండే సీట్లు, మామూలు ఇంజన్. ప్రమాదాల్లో నలిగిన కార్లను తెచ్చి, ఇంజన్ల పని పెద్దాయన, వైరింగు చిన్నాయన చూసుకుని ప్రాణం పోశారు.

ఆ తర్వాత మొదలైన వాదన చిన్నాయన పోయేదాకా ఆగలేదు. పెద్దాయన కారు పెట్రోలుతోపాటు ఇంజనాయిలూ తాగుతుందనీ, పైగా అలుగుతుందనీ చిన్నాయన అనేవాడు. నీది కారు కాదు, చక్రాలున్న చెప్పు అని పెద్దాయన తిప్పికొట్టేవాడు. ఒక కడుపున పుట్టిన మాకే పోలిక లేదు, ఇనప ముక్కలకెక్కడినుంచి వస్తుందని అక్కాచెల్లెళ్ళు విసుక్కునేవారు.

ఒకరి కారు ఇంకొకరు నడిపేవారు కాదు. నచ్చుతుందేమోనని భయం. చిన్నాయన కారు ఇంజన్ తనే సరిచేశాక కూడా పెద్దాయన గేటు దగ్గర నిలబడి చప్పుడు వినేవాడే తప్ప స్టీరింగ్ పట్టలేదు.

చిన్నదాన్నే, చిన్నాయన కారునే అమ్ముదామనుకున్నాడు పెద్దాయన. మరదలు కాదనలేదు. పాత కార్లు సేకరించే పళ్ళ డాక్టరు ఆదివారం పొద్దున వచ్చాడు. భర్త కారును ఆఖరిసారి తుడవడానికి మరదలూ వచ్చింది.

ఎర్రది అడ్డంగా ఉంది. పెద్దాయన దాన్ని స్టార్ట్ చేసి, రోడ్డు పక్కకు తెచ్చి ఆపేశాడు. ఆపిన మరుక్షణం నాలుక కరుచుకున్నాడు. ఆ ఇంజన్‌ను చల్లగా ఉండగా ఆపితే లోపల పెట్రోలు నిలిచిపోతుంది, ప్లగ్గులు విప్పి ఆరబెడితేగాని మళ్ళీ అంటుకోదు. ఈ సంగతి షెడ్డుకొచ్చినవాళ్ళందరికీ చెవినిల్లు కట్టుకుని పోరింది తనే. తాళం తిప్పితే నిజంగానే అంటుకోలేదు.

"ఆయనుంటే ఊరంతా చాటేవారు బావా," అంది మరదలు, ప్లగ్గుల స్పానరు అందిస్తూ.

డాక్టరు మాత్రం చిన్నదాన్ని ఓసారి నడిపి చూపించమన్నాడు. తప్పించుకునే వీల్లేక పెద్దాయన అందులో కూర్చున్నాడు.

మొదటి మలుపులోనే, చేయి పూర్తిగా తిప్పకముందే కారు తిరిగినట్టనిపించింది. తన కారులో వేగం వీపు మీద చెయ్యేసి తోస్తుంది. దీన్లో చెప్పుకోదగ్గ వేగం లేదు. అయినా కింద రోడ్డు గరుకుగా ఉందో నున్నగా ఉందో నడుముకి తెలుస్తోంది. చిన్నాయన ఇన్నేళ్ళూ చెప్పింది ఇదే. డాక్టరు ఏదో అడుగుతున్నాడు, పెద్దాయనకు వినపడలేదు. ఒప్పుకోవాలనిపించింది. ఒప్పుకుందామంటే ఎదుట మనిషి లేడు.

తిరిగొచ్చి మరదలితో అన్నాడు. "వాడన్నది నిజమేనమ్మా."

ఆమె తడిగుడ్డ పిండి పక్కన పెట్టింది. "మీ మోకాలి ఆపరేషనప్పుడు ఆయన ఎర్రదాన్ని తిప్పి వచ్చారు బావా. వారం రోజులు ఇంట్లో దాని గోలే. బావకు చెబితే నీ మొహం చూడనన్నారు."

"దొంగ వెధవ," అన్నాడు పెద్దాయన. "పెట్రోలు తగ్గితే ట్యాంకు కారుతోందనుకుని రెండు పూటలు దాని కింద పడుకున్నాను."

నవ్వబోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

డాక్టరు దగ్గరకు వెళ్ళి, చిన్నది అమ్మడం లేదనీ, కావాలంటే ఎర్రది తీసుకోమనీ చెప్పాడు. డాక్టరు కదలని కారును చూశాడు, అనుమానంగా పెద్దాయననూ చూశాడు.

"అసలు రెండింట్లో ఏది మంచిదండీ?"

"అది మా ఇద్దరికీ తేలలేదు."

మరదలు నొచ్చుకుంది. ప్రాణంలా చూసుకున్న కారును తమకోసం వదులుకోవద్దంది.

"మీకోసం కాదమ్మా," అన్నాడు పెద్దాయన, ప్లగ్గులు విప్పడానికి ఎర్రదాని ముందు వంగుతూ. "దీన్ని మేమిద్దరం నడిపాం. దాన్ని నేనింకా ఇవాళేగా మొదలుపెట్టింది."